రన్నింగ్‌లో సెట్టయ్యేది కాదు

కొత్త కారు ఇంజన్ కింద ఆయిల్ తడి కనబడితే కోనసీమలో వినబడే తీర్పు ఒక్కటే: "ఆయ్, కొత్త బండి కదండీ, రన్నింగ్‌లో సెట్టయిపోద్దండి." అమలాపురం షెడ్డులో మేస్త్రీ ఈ మాటే అంటాడు. రాజమండ్రి షోరూంలో సర్వీసు అడ్వైజరు దీనికే రెండు ఇంగ్లీషు ముక్కలు చేర్చి 'నార్మల్ సీపేజ్' అంటాడు. రాజోలులో ఇప్పటికి మూడు కార్లు మార్చిన బావగారు మరింత ధీమాగా అంటారు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే ఆగిపోతుందట. ఆగకపోతే లెవెల్ చూసుకుని కాస్త ఆయిల్ పోసుకుంటే సరిపోతుందట. కొత్త ఇంజన్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పనివ్వకూడదట. ఈ మూడు మాటలూ తప్పే. మూడింటి వల్లా లాభపడేది వారంటీ ఖర్చు తప్పించుకున్నవాళ్లే.

ఇంత గట్టిగా పాతుకున్న నమ్మకం ఊరికే పుట్టదు. కొత్త ఇంజన్‌లో తిరిగే కొద్దీ సర్దుకునే భాగం నిజంగానే ఒకటుంది, అది పిస్టన్ రింగు. సిలిండర్ గోడ మీద హోనింగ్ చేసినప్పుడు సన్నని అడ్డగీతలు పడతాయి. మొదటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లలో రింగులు ఆ గీతల కొసల్ని నునుపు చేసుకుని గోడకి ఒద్దికగా అమరతాయి. అంతవరకు కొంచెం ఆయిల్ పైకెక్కి ఇంధనంతోపాటు కాలిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా ఆయిల్ ఖర్చు మామూలేనని కొన్ని యూరప్ కంపెనీలు తమ మాన్యువల్స్‌లోనే రాస్తాయి. అయితే ఇదంతా ఇంజన్ లోపల జరిగే ఖర్చు. దీనివల్ల బయటికి ఒక్క చుక్క రాదు, ఇంజన్ అడుగు తడవదు. రింగుల విషయంలో నిజమైన మాటని తీసుకొచ్చి ప్యాకింగులకీ ఆయిల్ సీళ్లకీ అంటగట్టడమే మొదటి పొరపాటు.

రెండో మూలం పాత బళ్ల జ్ఞాపకం. 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ కారు గోదావరి జిల్లాల్లో ఒకటి రెండు తరాలకి కారంటే ఏమిటో నేర్పింది. ఏళ్ల తరబడి దాన్ని నడిపింది బ్రిటన్‌కి చెందిన బీఎంసీ బి-సిరీస్ ఇంజన్. ఆ ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు వెనక కొసన రబ్బరు సీలే ఉండేది కాదు. షాఫ్టు మీద చెక్కిన మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్‌ని లోపలికి నెట్టేది. ఇంజన్ ఆగగానే ఆ నెట్టుడు ఆగేది, రెండు చుక్కలు కిందికి జారేవి. పైన టాపెట్ కవరుకి కార్కు ప్యాకింగు; ఎండకి ఎండి, బోల్టు బిగిస్తే నలిగి, చెమరుస్తూనే ఉండేది. పోత ఇనుప ఇంజన్ల కాలపు బుల్లెట్ సంగతి సరేసరి. ఆయిల్ కారని బుల్లెట్‌లో ఆయిల్ లేనట్టేనని దాని అభిమానులే జోకులు వేసుకునేవారు. ఆ బళ్ల మీద పనిచేసి చేయి తిరిగిన మేస్త్రీలకి తడి మామూలు సంగతి కావడం సహజం. వాళ్ల అనుభవం అబద్ధం కాదు, కాని అది ఆ ఇంజన్ల అనుభవం.

ఇప్పటి ఇంజన్ వేరే పద్ధతిలో కట్టినది. షెడ్లలో చాంబరు అని పిలిచే ఆయిల్ సంపుకి చాలా కార్లలో కార్కూ లేదు, కాగితం ప్యాకింగూ లేదు. ఫ్యాక్టరీలో యంత్రం అంచు పొడవునా ద్రవ సిలికాన్‌ని సన్నని తాడులా పరుస్తుంది, వెంటనే చాంబరుని బిగించేస్తారు. గాలిలోని చెమ్మని పీల్చుకుని ఆ సిలికాన్ గట్టిపడుతుంది. టైమింగ్ చైన్ కవరుకీ ఎక్కువగా ఇదే పద్ధతి. టాపెట్ కవరుకి గాడిలో ఒదిగే అచ్చు రబ్బరు ప్యాకింగు ఉంటుంది. క్రాంక్ షాఫ్టు ముందూ వెనకా ఆయిల్ సీళ్లు వైటాన్, టెఫ్లాన్ వంటి వేడికి తట్టుకునే పదార్థాలతో చేస్తారు. వీటిలో టెఫ్లాన్ పెదవి ఉన్న సీలు మాత్రం షాఫ్టు మీద తన పదార్థాన్నే సన్నని పొరగా పరుచుకుని కుదురుకుంటుంది. 'సెట్టవడం' అనే మాటకి ప్యాకింగుల లోకంలో దొరికే ఆధారం ఇదొక్కటే. అది కూడా మొదట్లోనే తేలిపోయే వ్యవహారం. వేల కిలోమీటర్ల ఓపిక దానికి అక్కర్లేదు.

మిగిలినవేవీ తిరిగే కొద్దీ బాగుపడేవి కావు. సిలికాన్ తాడు ఎక్కడైనా తెగినా, అంచు మీద దుమ్మో నూనెచుక్కో ఉండి అక్కడ అతుక్కోకపోయినా, ఆ సందు తనంతట తాను పూడదు. ఇంజన్ వేడెక్కినప్పుడు అల్యూమినియం ఒక లెక్కన, ఉక్కు మరో లెక్కన సాగుతాయి. చల్లారినప్పుడు మళ్లీ ముడుచుకుంటాయి. రోజుకి నాలుగుసార్లు ఇలా జరిగితే సందు పెద్దదవుతుంది తప్ప చిన్నదవదు. రబ్బరు ప్యాకింగు కూడా నొక్కుడుకి లోనై ఉన్నకొద్దీ తన స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది. మొదటి రోజున సరిగ్గా పట్టనిది అయిదో ఏట పడుతుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. దీనికి రుజువు ఒక పెద్ద కంపెనీ చరిత్రలోనే ఉంది. 2011 నుంచి 2013 దాకా మోడళ్ల టూసాన్ కార్లని హ్యుందాయ్ 2019లో అమెరికాలో వెనక్కి పిలిపించింది. అవి దాదాపు 1,20,000. కారణం ఆయిల్ పాన్, అంటే చాంబరు, అంచు సరిగ్గా సీలు కాకపోవడం. కియా స్పోర్టేజ్ కార్లు కూడా అదే కారణంతో వెనక్కి వెళ్లాయి. ఆ కార్లు అప్పటికి ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లు తిరిగి ఉన్నాయి. అన్నేళ్ల రన్నింగ్‌లో ఆ సిలికాన్ సెట్టయి ఉంటే రికాల్ అవసరమే వచ్చేది కాదు.

ఇక రెండో మాట, లెవెల్ చూసుకుని పోసుకుంటే చాలన్నది. ఇది విన్నప్పుడు న్యాయంగానే అనిపిస్తుంది, లెక్క వేస్తే తేలిపోతుంది. చిన్న పెట్రోలు కార్లలో పట్టే ఆయిల్ మూడు నుంచి నాలుగు లీటర్లు. డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ మధ్య తేడా సాధారణంగా లీటరుకి అటూ ఇటూ. నిమిషానికి ఒక్క చుక్క అంటే రోజుకి 1,440 చుక్కలు. ఇరవై అయిదు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకి 58 మిల్లీలీటర్ల దాకా, నెలకి లీటరున్నర పైమాటే. నిలబడి ఉన్న బండి సంగతే ఇది. ఆయిల్ ప్రెషర్ స్విచ్చు, ఫిల్టరు, టర్బో గొట్టం లాంటి ఒత్తిడి ఉన్న చోట్ల లీకైతే ఇంజన్ తిరుగుతున్నప్పుడు కారేది దీనికి ఎన్నో రెట్లు. పోసుకుంటే చాలనేవాళ్లలో వారానికోసారి డిప్‌స్టిక్ తీసి తుడిచి చూసేవాళ్లు ఎంతమంది? అయినవిల్లి విఘ్నేశ్వరుడి గుడి ముందు కారుకి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినంత శ్రద్ధ బానెట్ ఎత్తడంలో కనబడదు.

చాలామంది నమ్ముకునేది డాష్‌బోర్డు మీది ఎర్ర నూనెడబ్బా దీపాన్ని. ఆ దీపం లెవెల్ చెప్పేది కాదు, ఒత్తిడి చెప్పేది. చాంబరులో ఆయిల్ అడుగంటి, పంపు గాలి పీల్చడం మొదలుపెట్టి, ఒత్తిడి దాదాపు పడిపోయాక అది వెలుగుతుంది. అప్పటికే బేరింగుల మధ్య నూనెపొర చిరిగి లోహానికి లోహం తగులుతుంటుంది. దీపం వెలిగింది కదా, ముందు ఊళ్లో పోయిద్దామని ముక్తేశ్వరం దగ్గర అనుకుని అమలాపురం దాకా నడిపితే, చేరేసరికి ఇంజన్ బోరుకి వచ్చి ఉంటుంది.

కోనసీమ నేలకి సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. పట్నంలో అపార్టుమెంటు సెల్లార్‌లో గచ్చు మీద చుక్క పడితే మర్నాడే కంటబడుతుంది. ఇక్కడ కారు నిలిపేది ఎక్కువగా ఇసుక కలిసిన మట్టివాకిట్లోనో, కొబ్బరితోట గట్టునో. ఆ నేల చుక్కని క్షణంలో తాగేస్తుంది. పైగా ఇప్పటి కార్లకి ఇంజన్ కింద ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కారిన ఆయిల్ ముందు ఆ కవరులో చేరుతుంది. అక్కడ నిండి, ఏ స్పీడుబ్రేకరు దగ్గరో ఒలికి, ఆ తర్వాత నేల మీద పడుతుంది. కాబట్టి వాకిట్లో మరక కనబడిందంటే లీకు మొదలైందని కాదు, చాన్నాళ్లుగా సాగుతోందని అర్థం చేసుకోవాలి. 'కొంచెమే కదా' అనే మాట ఇక్కడ పట్నంలో కన్నా ప్రమాదకరం.

ఆయిల్ తగ్గడం ఒక్కటే నష్టమనుకోవడమూ సరికాదు. కూలెంట్ గొట్టాలు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరు నీటికీ ఆవిరికీ తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెకి మాత్రం తట్టుకోదు, ఉబ్బి మెత్తబడుతుంది. బెల్టులకీ ఇంజన్ మౌంటింగులకీ నూనె పడదు. వెనక ఆయిల్ సీలు కారితే ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చేరుతుంది, తర్వాత క్లచ్ జారుతుంది. జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్ రొద పెరిగి బండి మాత్రం కదలకపోతే యజమాని క్లచ్ ప్లేటు మార్పిస్తాడు, కారుతున్న సీలు అలాగే ఉంటుంది. వీటన్నిటి కన్నా పెద్దది నిప్పు భయం. ఇంజన్ ఆయిల్ ఆవిరి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఎగ్జాస్టు మానిఫోల్డూ టర్బో పొట్టా దానికి రెండు మూడు రెట్లు వేడెక్కుతాయి. ఫోర్డ్ కంపెనీ 2022లో ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్ మోడళ్లలో 3,45,000కి పైగా కార్లని అమెరికాలో రికాల్ చేసింది ఇందుకే. ఆయిల్ సెపరేటర్ పెట్టె పగిలి, ఆయిల్ వేడి భాగాల మీదికి కారి మంటలంటుకోవచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అవన్నీ 2020 నుంచి 2022 దాకా మోడళ్లు, అంటే కొత్త కార్లే. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న కోనసీమ కుర్రాళ్లలో ఆ కార్లు నడిపేవాళ్లకి కంపెనీ నుంచి ఉత్తరాలే వచ్చి ఉంటాయి. అదే లీకు ఊళ్లో నాన్నగారి కారులో కనబడితే 'సెట్టయిపోద్ది' అన్న ఓదార్పు దొరుకుతుంది.

మూడో మాటకి బలం ఎక్కువ, ఎందుకంటే అది షోరూం వాళ్లది కాదు, యజమానులదే. "కొత్త ఇంజన్ విప్పితే కంపెనీ ఫిట్టింగు పోతుంది, అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది." కంపెనీ ఫిట్టింగు మీద ఈ గౌరవం చాలాచోట్ల సబబే. కాని ఫిట్టింగులో లోపం ఉన్నందువల్లే కదా ఆయిల్ కారుతోంది! అదీగాక చాంబరు దింపి, అంచు శుభ్రం చేసి, కొత్త సిలికాన్ వేసి బిగించడాన్ని ఇంజన్ విప్పడం అనరు. క్రాంకు, పిస్టన్లు, రింగులు, హెడ్డు దేనినీ ముట్టుకోరు. టాపెట్ కవరు ప్యాకింగు మార్చడం అంతకన్నా చిన్న పని. వెనక సీలుకి మాత్రం గేర్‌బాక్స్ దింపాలి, అది పెద్ద పనే. అయినా ఇంజన్ గుండె అక్కడా తెరుచుకోదు. సెకండ్ హ్యాండు కొనేవాడు కూడా ర్యాంపు ఎక్కించి కింద టార్చి వేసి చూసేది తడి ఉందా అనే. పొడిగా ఉన్న చాంబరూ, వారంటీలో సీలు మార్చినట్టు కంపెనీ రికార్డూ రేటు తగ్గించవు. నూనె మట్టి పట్టిన ఇంజనే తగ్గిస్తుంది.

విప్పకూడదన్న పట్టుదల యజమానిని నేరుగా షెడ్డు చిట్కాల్లోకి నెడుతుంది. లీకైన చోట పైనుంచి సిలికాన్ బాండు పూయడం వాటిలో మొదటిది. నూనె అంటిన లోహానికి ఏ బాండూ పట్టదు. పట్టినట్టు కనబడినా లోపలి ఒత్తిడికి పది రోజుల్లో ఊడుతుంది. అంచు విప్పినప్పుడు చేయి తిరగనివాడు బాండు మందంగా పూస్తే మరో ప్రమాదం: లోపలి వైపు పిండుకున్న ముక్కలు తెగి, పంపు దగ్గరి జాలీకి అడ్డం పడతాయి. అప్పుడు ఆయిల్ నిండుగా ఉన్నా ఇంజన్‌కి అందదు. రెండో చిట్కా చిక్కని ఆయిల్. 0డబ్ల్యు-20 పట్టే ఇంజన్‌లో 20డబ్ల్యు-50 పోస్తే కారడం తగ్గినట్టు అనిపిస్తుంది. తెల్లవారి స్టార్టు చేసినప్పుడు ఆ చిక్కదనం పై భాగాలకి చేరడానికి ఆలస్యం చేస్తుంది, వాల్వుల టైమింగుని మార్చే సన్నని నూనె దారుల్లో మొరాయిస్తుంది. వారంటీ కూడా పోవచ్చు, కంపెనీ చెప్పిన గ్రేడు కాదు కనుక. మూడోది లీకు ఆపుతాయని సీసాల్లో అమ్మే మందులు. ఇవి రబ్బరుని ఉబ్బించి సందు మూస్తాయి. పాత అంబాసిడర్‌కి చివరి రోజుల్లో పోయడానికి పనికొస్తాయేమో; కొత్త కారులో బాగున్న సీళ్లని కూడా ఉబ్బించి మెత్తబరుస్తాయి. సిలికాన్ తాడులో పడ్డ సందుని ఇవేమీ చేయలేవు.

డ్రైన్ బోల్టు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్త కార్లలో లీకు తరచుగా పట్టుబడే చోటు అది. ఆ బోల్టు తల కింద పల్చని రాగి లేదా అల్యూమినియం వాషరు ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు ఆ వాషరు నలిగి, చాంబరు లోహం మీది సన్నని గరుకుని కూడా నింపి ఆయిల్‌ని ఆపుతుంది. ఒకసారి నలిగినది రెండోసారి నలగదు. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వేయమంటారు. పాతదే వేసి బిగిస్తే బోల్టు తల చుట్టూ తేనెరంగు వలయం పడుతుంది, దాని అడుగున ఒక చుక్క వేలాడుతుంది. మేస్త్రీ పొడవాటి పానా తెచ్చి ఇంకో పావు చుట్టు బిగిస్తాడు. చాంబరు అల్యూమినియందైతే మర పోతుంది. రేకుదైతే బోల్టు చుట్టూ లోపలికి వంగుతుంది. అతి చవకైన వాషరుతో పోయేది చాంబరు మార్చేదాకా వస్తుంది. మొదటి సర్వీసు తర్వాత మొదలైన లీకులో ముందు చూడాల్సింది ఈ వాషరునీ, ఫిల్టరు రబ్బరునీ. పాత ఫిల్టరు రబ్బరు ఇంజన్‌కే అతుక్కుపోయి, దాని మీద కొత్తది బిగిస్తే రెండు రబ్బర్ల మధ్య నుంచి ఆయిల్ ఒత్తిడితో చిమ్ముతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తప్పు కారుది కాదు, సర్వీసుది.

'మామూలే' అనేవాళ్లతో ఒక్క విషయంలో మాత్రం ఏకీభవించాలి. కింద కనబడిన ప్రతి తడీ ఆయిల్ లీకు కాదు. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారడం ఏసీ పనిచేస్తోందనడానికి గుర్తు. కొత్త కార్ల ఛాసిస్ బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టిన మైనం మే నెల ఎండకి కరిగి గోధుమరంగు చుక్కలుగా జారుతుంది, అచ్చం నూనెలాగే ఉంటుంది. ఫిల్టరు మార్చినప్పుడు ఒలికిన ఆయిల్ కింది కవరులో నిలిచి వారం రోజులు చుక్కలు వేస్తుంది. వీటిని విడదీయడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. రాత్రి బండి కింద పెద్ద తెల్ల అట్టముక్క పరిచి, పొద్దున ఏ చక్రానికి ఎంత దూరంలో మరక పడిందో గుర్తు పెట్టుకోవాలి. నీళ్లయితే ఆరిపోతాయి, మైనమైతే వేళ్ల మధ్య గట్టిగా అంటుకుంటుంది, ఆయిలైతే పాకుతుంది. ఆ తర్వాతి పని వర్క్‌షాపుది: కవరు విప్పి, ఇంజన్ అడుగంతా కడిగి ఆరబెట్టి, కాసేపు నడిపి, లిఫ్టు మీద చూడటం. గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది కనుక తడిసిన చోటల్లా కారిన చోటు కాదు. అన్నిటికన్నా పైన తడిసిన చోటు వెతకాలి. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అల్ట్రావయొలెట్ దీపంతో చూస్తారు. ఇంజన్ ఊపిరి గొట్టం, అంటే బ్రీదరు, ఎక్కడైనా నలిగి మూసుకుపోయిందేమో కూడా చూడాలి. అది మూసుకుంటే లోపలి ఆవిరి ఒత్తిడి పెరిగి, మంచి సీలుని కూడా తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. బ్రీదరు చూడకుండా సీలు మారిస్తే నెల తిరిగేసరికి కొత్త సీలూ కారుతుంది.

కడగకుండా, నడపకుండా, కవరైనా విప్పకుండా పైనుంచి చూసి 'నార్మల్ సీపేజ్' అని రాయడాన్ని పరీక్ష అనరు. ఆ రెండు ముక్కల వెనక మరో సంగతి దాగి ఉంది. కారు పనితీరుకి అడ్డురాని చప్పుడు, అదురు, చెమ్మ వంటి చిన్న లోపాలు వారంటీ కిందికి రావని కొన్ని కంపెనీల వారంటీ పుస్తకాల్లో ఒక నిబంధన ఉంటుంది. లీకుని చెమ్మ అని రాస్తే చాలు, ఖర్చు తప్పుతుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో అమెరికా సైన్యం తన వాహనాల తనిఖీకి ఏనాడో రాసిపెట్టుకుంది. తడి ఉండి చుక్క కట్టకపోతే మొదటి తరగతి. చుక్క కట్టి, రాలకుండా ఉంటే రెండోది. చుక్క రాలితే మూడోది. మొదటి రెండు తరగతుల బళ్లని లెవెల్ చూసుకుంటూ నడపనిస్తారు. మూడో తరగతి లీకుని పైవాళ్లకి చెప్పి తీరాలి. అంటే యుద్ధరంగంలో తిరిగే ట్రక్కుకి కూడా రాలే చుక్క మామూలు కాదు. మొదటి తరగతి చెమ్మకి సైతం అక్కడ కాపలా ఉంది. 'నార్మల్' అనే ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం ఏ తరగతిలోనూ లేదు.

కోనసీమ యజమానికి ఇక్కడ దూరం కూడా ఎదురొస్తుంది. పెద్ద వర్క్‌షాపులు ఎక్కువగా రాజమండ్రిలోనో కాకినాడలోనో, రాజోలు వాళ్లకైతే చించినాడ వంతెన అవతల భీమవరంలోనో ఉంటాయి. అమలాపురం నుంచి రాజమండ్రికైనా కాకినాడకైనా అరవై కిలోమీటర్లకి అటూ ఇటూ. పని మానుకుని అంత దూరం వెళ్తే సాయంత్రానికి తుడిచి పంపేస్తారు. రెండోసారి వెళ్లబుద్ధి కాదు, 'సెట్టవుతుంది' అన్న మాటే హాయిగా తోస్తుంది. చుక్కలు రాలుతుంటే ఆ అరవై కిలోమీటర్లూ నడపనే కూడదు. కారుతోపాటు వచ్చిన రోడ్‌సైడ్ సహాయం నంబరు ఉన్నది ఇందుకే. వెళ్లాక జాబ్ కార్డు మీద 'జనరల్ చెకప్' అని రాయనివ్వకుండా 'ఇంజన్ ఆయిల్ లీకు' అనే రాయించాలి. అప్పటి కిలోమీటర్లూ, డిప్‌స్టిక్ లెవెలూ అందులో పడాలి. చాంబరు ఫొటో ముందే తీసి పెట్టుకోవడం మరీ ముఖ్యం. వరద తీసిన కాజ్‌వేల గుంతల్లో, తోటల బాటల్లో కింద తగిలిందనీ, కనుక వారంటీ వర్తించదనీ వర్క్‌షాపు అనడానికి లంక గ్రామాల రోడ్లు మంచి సాకు. గీత కూడా లేని చాంబరు ఫొటో తేదీతో సహా ఉంటే ఆ సాకు చెల్లదు. నిజంగానే తగిలి సొట్టపడి ఉంటే, అడగాల్సింది వారంటీని కాదు, ఇన్సూరెన్సుని.

'మామూలే' అన్నవాళ్లకి విరుగుడుగా ఊళ్లో మరో అతి తయారైంది: లీకు కనబడగానే కారు మార్చి ఇమ్మని పట్టుబట్టడం. ఇదీ నిలవదు. క్లచ్ లోపం మీద మారుతీ ఉద్యోగ్ కంపెనీకీ ఒక కొనుగోలుదారుకీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2006లో తేల్చింది ఇదే: వారంటీ షరతుల ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే, కారు మొత్తాన్ని మార్చమనడం కుదరదు. ఒక్క సీలు కారిందని కొత్త కారు రాదు. బాగుచేయమని అడిగినా చేయకపోవడం, చేశామన్న చోటే మళ్లీ మళ్లీ కారడం అనేవి వేరే సంగతులు. అవి సేవాలోపం కిందికి, మరీ ముదిరితే తయారీ లోపం కిందికి వస్తాయి. ఏదైనా కాగితాల మీదే తేలుతుంది.

యజమానుల మౌనానికి ఇంకో ఖరీదు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చేరిన 110-ఎ సెక్షన్ ప్రకారం లోపమున్న వాహనాల్ని వెనక్కి పిలిపించమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. ఈ రికాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అయితే ఆ అధికారం కదలడానికి ఒక మోడల్ మీద ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయన్నది లెక్కలోకి వస్తుంది. సెట్టవుతుందని ఊరుకున్న ప్రతివాడూ ఆ లెక్కలోంచి తనంతట తాను తప్పుకున్నట్టే.

వర్క్‌షాపు వినకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు, దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. కారు రాజమండ్రిలో కొన్నా, చెన్నైలో తయారైనా, కొత్తపేటలో ఉండే కొనుగోలుదారు తన నివాస ప్రాంతం మీద అధికారమున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. యాభై లక్షల లోపు ధర చెల్లించిన వస్తువులన్నీ జిల్లా కమిషన్ పరిధిలోవే. పది లక్షలకీ ఇరవై లక్షలకీ మధ్య కొన్న కారుకి ఫీజు 400 రూపాయలు. పరీక్ష చేయిస్తే తప్ప తేలని లోపమైతే లేబొరేటరీ నివేదిక తెప్పించే అధికారం కమిషన్‌కి ఉంది. గడువు మాత్రం రెండేళ్లు, వ్యాజ్య కారణం తలెత్తిన రోజు నుంచి లెక్క. ఆ రోజు ఏదో చూపించేది 'ఇంజన్ ఆయిల్ లీకు' అని రాయించిన మొదటి జాబ్ కార్డు.